పాత .22 బోల్ట్ రైఫిల్ బాగుచేయించే ముందు

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. హనుమకొండలో మీ నాన్నగారి పేరు మీద బీఎస్‌ఏ కంపెనీ .22 బోల్ట్ రైఫిల్ ఉండేది. ఆయన పోయాక స్టేషన్‌లో డిపాజిట్ అయింది. వారసుడిగా లైసెన్స్ మీ పేరు మీదికి వచ్చేసరికి కొన్నేళ్లు పట్టింది. ఇప్పుడు చేతికొచ్చిన రైఫిల్ పైనంతా ఎర్రతుప్పు. బోల్ట్, అంటే తూటాను లోపలికి తోసి వెనక మూసే కడ్డీ, బిగుసుకుని కదులుతోంది. రేంజ్‌లో కాలిస్తే మూడింట్లో ఒక రౌండ్ (తూటా) పేలడం లేదు, పేలినవాటి ఖాళీ కేసు (ఇత్తడి గొట్టం) ఒక్కోసారి లోపలే ఉండిపోతోంది. కర్ర పిడి దగ్గర సన్నగా చీలింది. తెలిసిన లేత్ మెకానిక్ ఒకాయన స్ప్రింగ్ మార్చి, ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) సాగగొట్టి, మొత్తానికి నికెల్ పూత వేయిస్తే కొత్తదానిలా అవుతుందన్నాడు. ఇవ్వొచ్చా అని అడిగారు.

ఇవ్వకండి. ఆయన మంచి పనిమంతుడే కావచ్చు. కానీ లైసెన్స్ లేని మనిషి తుపాకీ రిపేర్ చేయడం 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం నేరం. ఇచ్చినందుకు మీ లైసెన్స్ కూడా చిక్కుల్లో పడుతుంది. నికెల్ సంగతి ఇంకా ఘోరం. పూత వేసే ముందు బఫింగ్ చక్రం మీద పెట్టి ఇనుమును అరగదీస్తారు. బ్యారెల్ మీద, రిసీవర్ (బోల్ట్ ఆడే ఇనుప భాగం) మీద ఉన్న నంబరు, ప్రూఫ్ (కాల్చి పరీక్షించినట్టు వేసే) గుర్తులు సగం అక్కడే పోతాయి. ఆ గుర్తులు చెరపడం 8వ సెక్షన్ కింద విడిగా ఇంకో నేరం. రేపు తనిఖీకి తీసుకుపోయినప్పుడు లైసెన్స్ మీద ఉన్న నంబరూ రైఫిల్ మీద ఉన్న నంబరూ పోల్చి చూస్తారు. అక్కడ ఒక్క అంకె చదవరాకపోయినా మీరు ఎంత చెప్పుకున్నా ఎవరూ వినరు.

నేను సర్వీసంతా ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, చేసి రిటైరయ్యాను, ఇప్పుడు కాజీపేటలో ఉంటున్నాను. ఎన్‌సీసీ పిల్లలు వాడే .22 రైఫిళ్ల నుంచి ఇళ్లలో తాతల కాలం నాటివాటి దాకా చాలా చూశాను. కాల్చీ కాల్చీ పాడైన .22 నాకు అరుదుగా కనిపించింది. బాగుచేయబోయి పాడుచేసినవే ఎక్కువ. ఈ తూటాలో బుల్లెట్ మెత్తటి సీసం, బరువు 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైన కొంచెం. అది బ్యారెల్‌ను అంత తొందరగా అరగదీయదు. అరగదీసేది బ్యారెల్ మూతి (బుల్లెట్ బయటికి వచ్చే కొన) వైపు నుంచి దూర్చిన ఇనుప చువ్వ, ఎమరీ పేపరు, ఆకురాయి. మీ రైఫిల్‌కి వచ్చిన రోగాల్లో చాలావరకు మురికి వల్ల, ముదిరిన నూనె వల్ల వచ్చినవే అని నా అనుమానం. అందుకే ముందు శుభ్రం చేయండి, తర్వాత పరీక్షించండి, అప్పటికీ మిగిలిన లోపాన్ని మాత్రమే లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌కి చూపించండి. ఈ వరస మార్చకండి. శుభ్రం చేసుకోవడం, నూనె పెట్టుకోవడం, కర్రను చూసుకోవడం యజమాని పని. ఇనుము మీద ఆకురాయి పెట్టాల్సిన పని ఏదైనా గన్‌స్మిత్‌దే.

ముట్టుకునే ముందు ఖాళీగా ఉందో లేదో చూడాలి. మొదట మేగజీన్ తీయండి. అది లోపల ఉండగా బోల్ట్ ఆడిస్తే ఇంకో రౌండ్ ఎక్కుతుంది. తర్వాత బోల్ట్ వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి టార్చ్ వేసి చూడండి, చిటికెన వేలి కొనతో తడిమి చూడండి. బీఎస్‌ఏలోనే కొన్ని మోడళ్లకు బ్యారెల్ కింద గొట్టం లాంటి మేగజీన్ ఉంటుంది. మీది ఆ రకమైతే గొట్టం లోపలి కడ్డీని పూర్తిగా బయటికి తీసి, రైఫిల్‌ను మూతి కిందికి వంచి చూడండి. స్ప్రింగ్ తుప్పు పట్టి మధ్యలో ఆగితే ఒక రౌండ్ ఏళ్ల తరబడి లోపలే ఉండిపోతుంది. రౌండ్లన్నీ వేరే గదిలో పెట్టాకే పనికి కూర్చోండి.

ఈ కాలపు రైఫిళ్లలో ఎక్కువవాటికి బోల్ట్ తీయడం తేలిక. ట్రిగ్గర్ నొక్కిపట్టి బోల్ట్‌ను నిదానంగా వెనక్కి లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. రాకపోతే సుత్తితో కొట్టకండి. రాత్రంతా పల్చటి నూనె పట్టించి పొద్దున మళ్లీ ప్రయత్నించండి. వచ్చాక బోల్ట్‌ను ముక్కలు ముక్కలుగా విప్పాల్సిన అవసరం ఇప్పటికి లేదు. లోపల మెయిన్ స్ప్రింగ్ బిగించి ఉంటుంది. సరైన పనిముట్టు లేకుండా పిన్ కొట్టి విప్పితే స్ప్రింగ్ ఎగిరి కంట్లో పడొచ్చు, లేదా ఆ చిన్న పిన్ మళ్లీ దొరక్కపోవచ్చు. విప్పకుండానే కడగొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. మీ ఇంట్లో ఈ రైఫిల్‌కి ఏం నూనె పెట్టేవారో అమ్మగారిని అడగండి. మన వైపు చాలా ఇళ్లలో కొబ్బరి నూనే. కొబ్బరి నూనె ఏళ్ల మీద మురికితో కలిసి, బెల్లం పాకం ముదిరినట్టు బోల్ట్ లోపల అంటుకుపోతుంది. ఇంకో సంగతి ఏమిటంటే, డిసెంబర్, జనవరి పొద్దుల్లో మన ఇళ్లలో సీసాలో కొబ్బరి నూనె గడ్డకడుతుంది కదా, అదే నూనె ఫైరింగ్ పిన్ చుట్టూ కూడా గడ్డకడుతుంది. స్ప్రింగ్ బాగానే ఉన్నా పిన్ నెమ్మదిగా పోయి మెత్తగా తగులుతుంది, రౌండ్ పేలదు. మధ్యాహ్నం ఎండెక్కాక అదే రైఫిల్ చక్కగా పేలుతుంది. మీది చలికాలం పొద్దున రేంజ్‌లో ఎక్కువ మొరాయించిందా అన్నది గుర్తుచేసుకోండి. అవునంటే సగం జవాబు అక్కడే దొరికినట్టు.

పెయింట్ దుకాణంలో దొరికే టర్పెంటైన్ ఒక అర లీటరు తెచ్చి, పాత స్టీలు గిన్నెలో బోల్ట్ మునిగేలా పోసి రాత్రంతా ఉంచండి. కిటికీలు తెరిచిపెట్టండి, దగ్గర్లో పొయ్యి, దీపం వద్దు. పొద్దున చూస్తే గిన్నె అడుగున గోధుమరంగు మడ్డి దిగి ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌తో బోల్ట్ ముఖం, ఖాళీ కేసును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింద, పిన్‌ను ఎక్కుపెట్టే కాకింగ్ గాడి తోమండి. మళ్లీ కొత్త టర్పెంటైన్‌లో ముంచి, ఆడించి తీయండి. మడ్డి రావడం ఆగేదాకా ఇదే పని. తర్వాత గుడ్డతో తుడిచి, ఎండలో ఒక గంట ఆరబెట్టండి. లోపలి ద్రావకం పూర్తిగా ఆరాకే నూనె.

నూనె అంటే కుట్టుమిషన్ నూనె చాలు. అది పల్చటి ఖనిజ నూనె, ముదిరి బంక కట్టదు. బోల్ట్ బయట రుద్దుకునే చోట్ల ఒక చుక్క, కాకింగ్ గాడిలో ఒక చుక్క. ఫైరింగ్ పిన్ కదిలే లోపలి భాగం దాదాపు పొడిగానే ఉండాలి. ఎక్కువ నూనె పెడితే మంచిదని మనవాళ్ల నమ్మకం, .22 విషయంలో అది తప్పు. ఈ తూటా కాలినప్పుడు మసి, మైనం ఎక్కువగా వస్తాయి. నూనె ఎక్కువైతే అవన్నీ దానికి అంటుకుని మళ్లీ మడ్డి తయారవుతుంది. డబ్ల్యూడీ-40 చాలామంది వాడతారు. తడి తోలడానికీ, బిగిసిన మరలు వదులు చేయడానికీ మంచిదే. దాన్నే నూనె అనుకుని లోపల కొట్టి ఏడాది వదిలేస్తే జిగురు పొర మిగులుతుంది. మోటార్ సైకిల్ ఇంజన్ ఆయిల్, అందులోనూ వాడేసింది, అసలు వద్దు.

ఇంతవరకు చేశాక, కింద చెప్పిన బ్యారెల్ పని కూడా ముగించి, రేంజ్‌కి తీసుకుపోండి. కళ్లద్దాలు పెట్టుకోండి. .22 చిన్నదే కదా అంటారు గానీ లోపల ఒత్తిడి 24,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) దాకా పోతుంది. పాత రైఫిల్‌లో కేసు అంచు చీలితే ఆ వాయువు తిరిగి ముఖం మీదికే వస్తుంది. మేగజీన్ నింపొద్దు, ఒక్కొక్క రౌండ్ పెట్టి కాల్చండి. పేలని రౌండ్ వస్తే మూతి టార్గెట్ వైపే పెట్టి అర నిమిషం కదలకుండా ఉండండి. ఆలస్యంగా పేలే రౌండ్లు అరుదే, కానీ ఉన్నాయి. ఆ తర్వాతే బోల్ట్ తెరవాలి. కాలిన కేసులూ పేలని రౌండ్లూ విడివిడిగా చిన్న డబ్బాల్లో వేసుకుని రండి, పారేయకండి. రైఫిల్ రోగం రైఫిల్‌లో కంటే ఆ ఇత్తడి కేసు మీద స్పష్టంగా కనిపిస్తుంది.

వాటిని ఎండలో పెట్టి భూతద్దంతో చూడాలి. .22 రిమ్‌ఫైర్ తూటా. అంటే మంట పుట్టించే మందు కేసు మధ్యలో ఉండదు, అడుగున చుట్టూ మడత పెట్టిన అంచు లోపల ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును ఛాంబర్ వెనక అంచుకు, అంటే ఛాంబర్ గట్టుకేసి నలుపుతుంది, అప్పుడు పేలుతుంది. బాగా పేలిన కేసు మీద అంచున ఒక లోతైన గాటు కనిపిస్తుంది. దాని గోడలు నిటారుగా, అడుగు చదునుగా ఉంటుంది, గోరు పెట్టి లాగితే అందులో ఆగుతుంది. పేలని రౌండ్ మీద కూడా అంతే లోతుగా గాటు పడి ఉంటే తప్పు రైఫిల్‌ది కాదు, తూటాది. తయారీలో మందు అంచు చుట్టూ సమానంగా పరుచుకోకపోతే ఒక చోట ఖాళీ మిగులుతుంది, పిన్ సరిగ్గా అక్కడ తగిలితే పేలదు. రేంజ్‌లోనే ఆ రౌండ్‌ను సగం తిప్పి మళ్లీ పెడితే చాలాసార్లు పేలుతుంది. పాత స్టాకు తూటాల్లో ఇది మామూలే.

పేలని రౌండ్ల మీద గాటు తేలిగ్గా, గోరుకు తగలనట్టుగా ఉంటే పిన్ బలంగా కొట్టలేదని అర్థం. మీరు మడ్డి కడిగేశారు కాబట్టి ఇక మిగిలింది స్ప్రింగ్ అలసిపోవడం లేదా పిన్ కొన అరగడం. ఈ రెండూ గన్‌స్మిత్ మారుస్తాడు. మెకానిక్ చెప్పినట్టు పిన్‌ను సాగగొడితే ఏమవుతుందో చెప్తాను. సాగగొట్టిన చోట ఇనుము పలచబడుతుంది, గట్టిదనం పోతుంది, పొడవు కొంచెం ఎక్కువైతే పిన్ కొన ఛాంబర్ గట్టును తాకుతుంది. అప్పుడు ఖాళీగా ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ గట్టు మీద దెబ్బ పడుతుంది.

ఆ దెబ్బ దగ్గరికే వస్తున్నా. ఖాళీ కేసు లోపల ఇరుక్కుంటోందన్నారు. మీ రేంజ్ కేసులను వరసగా నిలబెట్టి, పిన్ గాటు అన్నిటికీ ఒకే వైపు వచ్చేలా తిప్పండి. గాటుకు సరిగ్గా కింద, ఇత్తడి గోడ మీద పొడుగ్గా ఒక గీత అన్ని కేసుల మీదా ఒకే చోట ఉందా? ఉంటే ఛాంబర్ గట్టు మీద బొడిపె లేచింది. పాత .22లను పిల్లలు ఆటగా ఖాళీగా టకటక కొట్టడం వల్ల వచ్చే రోగం ఇది. పిన్ నలపడానికి మధ్యలో ఇత్తడి అంచు ఉండదు కాబట్టి నేరుగా ఛాంబర్ ఇనుమును కొట్టి, ఆ ఇనుమును లోపలికి తోస్తుంది. కేసు పేలినప్పుడు ఉబ్బి ఆ బొడిపెకు పట్టుకుంటుంది, అందుకే బయటికి రాదు. టార్చ్ వేసి ఛాంబర్ గట్టు చూస్తే పిన్ తగిలే చోట చిన్న మెరుపు చుక్క కూడా కనిపించొచ్చు.

దీనికి మందు ఉంది. ఛాంబర్ ఐరనింగ్ అని ఒక సాదా పనిముట్టు, నున్నటి గట్టి ఉక్కు ముక్క. దాన్ని ఛాంబర్‌లోకి తోస్తే లోపలికి వచ్చిన ఇనుమును తిరిగి దాని చోటికి నెడుతుంది. ఇనుమును తీసేయదు, జరుపుతుంది. ఆకురాయి గానీ రీమర్ (రంధ్రం తొలిచే పనిముట్టు) గానీ పెట్టి ఆ బొడిపె తీసేస్తే అక్కడ పల్లం మిగులుతుంది, ఆ పల్లం దగ్గర కేసుకు ఆసరా ఉండదు, అంచు చీలుతుంది. గన్‌స్మిత్‌తో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి: ఛాంబర్‌లో ఏమీ కోయొద్దు, నొక్కి సరిచేయండి. ఆయన తెలిసినవాడైతే వెంటనే ఒప్పుకుంటాడు. వాదించాడంటే రైఫిల్ వెనక్కి తెచ్చుకోండి.

కేసు మీద గీత లేకపోతే ఇరుక్కోవడానికి కారణం ఇంకా తేలికైనదే. ఛాంబర్‌లో మైనం, మసి గట్టిపడి ఉంటుంది, లేదా ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింద మురికి చేరి గోరు అంచును పట్టుకోలేకపోతుంది. వెదురు పుల్లను చెక్కి, టర్పెంటైన్‌లో ముంచి గోరు కింద గీకండి. సూది, బ్లేడు వాడొద్దు. గోరు మొన గుండ్రంగా అరిగిపోయి ఉంటే మాత్రం మార్చాల్సిందే.

ఇంకొక గుర్తు ఉంది, ఇది కనిపిస్తే ఆ రోజుతో కాల్చడం ఆపేయండి. కేసు అడుగు చదునుగా ఉండాల్సింది బయటికి ఉబ్బి ఉండటం, అంచు దగ్గర నల్లటి మసి చార, చీలిక. ఇవి హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ ఛాంబర్ గట్టుకీ మధ్య జాగా) పెరిగిందని చెప్పే గుర్తులు. కేసు అంచు మందం సుమారు ఒక మిల్లీమీటరు. బోల్ట్ మూసినప్పుడు ఆ అంచుకు సరిపడా జాగా మాత్రమే ఉండాలి. చాలా పాత .22ల్లో బోల్ట్‌ను బిగించి పట్టేది హ్యాండిల్ మొదలు ఒక్కటే. అది ఏళ్ల మీద అరిగితే బోల్ట్ వెనక్కి జరుగుతుంది. బోల్ట్ మూసి, వేలితో ముందుకీ వెనక్కీ ఊపి చూస్తే వదులు తెలుస్తుంది. అయితే చేత్తో చూసి తేల్చే విషయం కాదిది, గన్‌స్మిత్ గేజ్ పెట్టి చూడాలి.

బ్యారెల్ దగ్గర నా మాట కొంచెం కఠినంగా ఉంటుంది. మూతి వైపు నుంచి చువ్వ దూర్చకండి. బుల్లెట్ చివరిసారిగా వదిలే చోటు అది. అక్కడ బ్యారెల్ లోపలి గాడులు ఒక పక్క అరిగితే బుల్లెట్ ఒక పక్కకు తిరుగుతుంది, ఎంత గురిపెట్టినా చెదిరిపోతుంది. బోల్ట్ తీసేశారు కాబట్టి వెనక నుంచే శుభ్రం చేయొచ్చు. ఎన్‌సీసీలో వాడే పుల్‌త్రూ (గుడ్డ కట్టి బ్యారెల్ లోపలి నుంచి లాగే తాడు) లాంటిది అన్నిటికంటే మేలు. పాత బనియన్ గుడ్డను అంగుళం చదరం ముక్కలుగా కత్తిరించండి. మొదటి ముక్క టర్పెంటైన్‌తో, ఐదు నిమిషాలు ఆగి పొడి ముక్కలు, తెల్లగా వచ్చేదాకా. చివర ఒక ముక్కకు నూనె వాసన తగిలించి లాగండి. ముక్క గట్టిగా పట్టేస్తే బలంగా గుంజకండి. తాడు తెగి గుడ్డ లోపలే ఉండిపోతే అది పెద్ద తలనొప్పి. రేంజ్‌కి వెళ్లే ముందు ఆ నూనెను పొడి గుడ్డతో తీసేయాలి.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి తూటాలు ఎప్పుడైనా అందులో కాల్చి ఉంటే లోపల గుంటలు ఉండొచ్చు. అప్పటి మందు కాలాక ఉప్పు లాంటి పదార్థం మిగిలేది, అది గాలిలో తేమను లాక్కుని ఇనుమును తినేది. ఉప్పు నీళ్లలో కరుగుతుంది గానీ నూనెలో కరగదు. అందుకే ఎంత నూనె పెట్టినా పాత బ్యారెళ్లు లోపల తుప్పు పట్టేవి. ఇప్పటి తూటాలతో ఆ బాధ లేదు.

శుభ్రం అయ్యాక వెనక వైపు తెల్ల కాగితం పెట్టి దాని మీద సెల్‌ఫోన్ టార్చ్ వేసి మూతి నుంచి చూడండి. బోల్ట్ బయట ఉంది కాబట్టి ఇలా చూడొచ్చు, లేనప్పుడు ఎప్పుడూ మూతిలోకి చూడకూడదు. గాడులు మెలిక తిరుగుతూ పోతాయి, ఈ తూటాకు మామూలుగా 16 అంగుళాలకు ఒక చుట్టు. అక్కడక్కడ చిన్న గుంటలుంటే దిగులు వద్దు, అలాంటి బ్యారెళ్లు కూడా 25 గజాల్లో బాగానే కొడతాయి. ఛాంబర్ దాటగానే ఒక నల్లటి వలయం ఉంటే మసి గట్టిపడి ఉండొచ్చు. లేదా పొట్టి .22 షార్ట్ తూటాలు పొడుగు ఛాంబర్‌లో ఏళ్ల తరబడి కాల్చి అక్కడ అరగదీసి ఉండొచ్చు. కడిగితే పోతే మసి, పోకపోతే అరుగుదల. బ్యారెల్ మధ్యలో వలయం కనిపిస్తే మాత్రం బయట వేళ్లతో నిమిరి చూడండి. అక్కడ సన్నటి ఉబ్బు తగిలితే ఎప్పుడో ఒక బుల్లెట్ లోపల ఆగిపోయి, దాని వెనక ఇంకొకటి కాల్చారన్నమాట. ఉబ్బిన బ్యారెల్‌తో కాల్చకండి. మీకు కూడా ఎప్పుడైనా చప్పుడు టుప్‌మని తక్కువగా వస్తే అక్కడే ఆగి, బోల్ట్ తీసి, బ్యారెల్ ఖాళీగా ఉందో లేదో చూశాకే తర్వాతి రౌండ్.

పైన తుప్పు. మీ ఫొటోలో కనిపించేది పైపొర ఎర్రతుప్పే, భయపడకండి. నూనె ధారాళంగా పట్టించి రెండు రోజులు వదిలేయండి. తర్వాత పాత రాగి పైసా ఒకటి తీసుకుని దాని అంచుతో, నూనెలోనే, మెల్లగా గీకండి. రాగి తుప్పును లేపుతుంది, దాని కంటే గట్టిదైన ఉక్కును గీయలేదు. పైసా లేకపోతే లావుపాటి కరెంటు రాగి తీగను సుత్తితో చదును చేసుకోండి. సన్నటి ఎర్రమడ్డి గుడ్డకు వస్తూ ఉంటుంది, కింద నల్లటి నీలిరంగు బయటపడుతుంది. ఎమరీ పేపరు పెడితే తుప్పుతో పాటు ఆ పాత బ్లూయింగ్ కూడా పోయి తెల్ల ఇనుము తేలుతుంది, మన వానాకాలంలో వారం తిరక్కుండా మళ్లీ తుప్పు. నంబరు ఉన్న చోట పైసా కూడా వద్దు, టూత్‌బ్రష్, నూనె మాత్రమే. అక్కడక్కడ రంగు పోయి గోధుమ మచ్చలు మిగిలితే మిగలనివ్వండి. అంత వయసున్న రైఫిల్‌కి అవి ఉండాల్సినవే.

కర్ర చీలికకు ముందు మరలు చూడాలి. ఎండాకాలంలో మన దగ్గర 45 డిగ్రీలు పడినప్పుడు కర్ర ఎండి కుంచించుకుపోతుంది, రిసీవర్‌ను పట్టే మరలు వదులవుతాయి. వదులుగా ఉన్నప్పుడు కాల్చితే ప్రతి దెబ్బకూ ఇనుము వెనక్కి జరిగి పిడి దగ్గర కర్రను చీలుస్తుంది. వానాకాలంలో అదే కర్ర ఉబ్బి బ్యారెల్‌ను ఒక పక్కకు నెడుతుంది, గురి మారుతుంది. మరలు విప్పడానికి గాడిలో నిండుగా కూర్చునే స్క్రూడ్రైవర్ కావాలి. బజార్లో దొరికేవి కొనకు సన్నబడి ఉంటాయి, అవి గాడి పైఅంచులను కొరికేస్తాయి. ఒక మర పోతే హార్డ్‌వేర్ షాపులో మిల్లీమీటర్ల మర తెచ్చి తిప్పకండి. పాత ఇంగ్లిష్ రైఫిళ్ల మరలు ఇంచుల లెక్కవి, కొత్త మర రిసీవర్‌లోని థ్రెడ్‌ను తినేస్తుంది. ఏ మర ఏ చోటిదో కాగితం మీద బొమ్మ గీసి గుచ్చి పెట్టుకోండి, ముందుదీ వెనకదీ పొడవు వేరుగా ఉండొచ్చు.

చీలిక అతికించే పని మంచి వడ్రంగి చేయగలడు. కర్ర ఒక్కటే ఇవ్వండి, ఇనుము మీ ఇంట్లో తాళంలో ఉండాలి. ఆయనకు రెండు మాటలు చెప్పండి. ఏళ్లుగా నూనె తాగిన కర్రకు ఫెవికాల్ పట్టదు. ముందు సుద్దపొడిని అసిటోన్‌తో ముద్దచేసి చీలిక మీద పట్టించాలి, అది ఆరుతూ లోపలి నూనెను పీల్చుకుంటుంది. రెండు మూడు సార్లు చేశాక చీలికను కొంచెం తెరిచి అరాల్డైట్ లోపలిదాకా పోనిచ్చి తాడుతో బిగించి ఒక రోజు వదిలేయాలి. మేకు కొట్టకూడదు. పిడి దగ్గర మేకు కొడితే దాని పక్కనే ఇంకో చీలిక మొదలవుతుంది. కర్ర మొత్తం కొత్తగా టేకుతో చేయిస్తానని కొందరంటారు. టేకు మన అడవి కర్ర, ద్వారబంధాలకు దాన్ని మించింది లేదు. కానీ అసలు వాల్‌నట్ కర్ర అతుక్కునే స్థితిలో ఉండగా దాన్ని తీసేయడం నాకు మనసొప్పదు.

పైన పాలిష్‌కి కాచిన అవిసె నూనె, పెయింట్ షాపులో లిన్‌సీడ్ ఆయిల్ అని అడగండి. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని కర్ర వెచ్చబడేదాకా రుద్దండి, మిగిలింది తుడిచేయండి, ఒక రోజు ఆరాక మళ్లీ. ఆ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. మన ఎండల్లో మరీ ప్రమాదం. గుడ్డను విప్పి ఆరుబయట తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లలో తడిపి పారేయండి.

ట్రిగ్గర్ జోలికి మీరు వెళ్లొద్దు. పరీక్ష మాత్రం చేయండి. రైఫిల్ ఖాళీ అని మళ్లీ చూసుకుని, గట్టును కాపాడటానికి కాలిన ఖాళీ కేసు ఒకటి ఛాంబర్‌లో పెట్టి, బోల్ట్ మూసి, బట్‌ను (కర్ర వెనక చివరను) చాప మీద రెండుసార్లు తట్టండి. బోల్ట్‌ను కాస్త జోరుగా మూసి చూడండి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి, వదిలి, సేఫ్టీ తీయండి. వీటిలో ఎప్పుడైనా పిన్ దానంతటదే పడిపోతే సియర్ (పిన్‌ను ఆపి పట్టే కొక్కెం) అరిగింది, గన్‌స్మిత్ చూసేదాకా అందులో రౌండ్ పెట్టకూడదు. ట్రిగ్గర్ తేలిక చేయించుకుందామనే ఆలోచన ఉంటే మానుకోండి.

గన్‌స్మిత్ కోసం హైదరాబాద్‌లో లైసెన్స్ ఉన్న డీలర్లను అడగడమే మంచిది. రిపేర్ చేసే లైసెన్స్ ఉందా అని ముందే ఫోన్‌లో కనుక్కోండి. రైఫిల్ ఖాళీగా, కవర్‌లో, ఒరిజినల్ లైసెన్స్ మీ దగ్గర ఉంచుకుని తీసుకుపోండి. ఏ భాగం మారుస్తున్నారో రసీదులో రాయించుకోండి, తీసేసిన పాత భాగాలు అడిగి తెచ్చుకోండి. పాత బీఎస్‌ఏ పిన్ మళ్లీ దొరకడం కష్టం. కొత్తది చేయించాల్సి వస్తే నమూనా అదే. బ్యారెల్ పొట్టి చేయిస్తే మూతి అరుగుదల పోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అనుమతి లేకుండా బ్యారెల్ కోయడం 6వ సెక్షన్ కిందికి వస్తుంది.

తూటాల విషయం. బ్యారెల్ మీద .22 ఎల్.ఆర్. అని ఉంటే లాంగ్ రైఫిల్ తూటాలే. మీ నాన్నగారి కాలం డబ్బా ఇంకా ఉందన్నారు. సీసం మీద తెల్లటి పొడి, ఇత్తడి మీద పచ్చటి చిలుము ఉన్నవి వాడకండి. చెత్తలో, బావిలో పారేయకండి, డీలర్‌కి గానీ స్టేషన్‌లో గానీ అప్పగించి రసీదు తీసుకోండి.

ఇక దాచడం. తోలు కవర్‌లో పెట్టి బీరువాలో ఉంచామని చాలామంది నిశ్చింతగా ఉంటారు, వానాకాలం దాటాక తీస్తే కవర్ తగిలిన చోటల్లా తుప్పు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. కవర్ మోసుకుపోవడానికే. ఇంట్లో రైఫిల్‌ను పల్చగా నూనె రాసిన కాటన్ గుడ్డలో చుట్టి, తాళం ఉన్న ఇనుప పెట్టెలో, సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. బోల్ట్ ఒక చోట, తూటాలు ఇంకో చోట, రెండూ తాళంలోనే. మూతిని కిందికి ఉంచితే మిగిలిన నూనె కర్రలోకి దిగదు. జూన్ నుంచి అక్టోబర్ దాకా నెలకోసారి తీసి తుడవండి. చేతి చెమట తగిలిన చోట వేలిముద్ర ఆకారంలో తుప్పు లేస్తుంది కాబట్టి చివర నూనె గుడ్డతోనే పట్టుకుని లోపల పెట్టండి.

ఎన్నికలు వచ్చినప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. మళ్లీ పాత కథ కాకుండా ఉండాలంటే ఇచ్చే ముందు రోజు బ్యారెల్ లోపల, బయట ఇనుము మీద మామూలు కంటే కాస్త మందంగా నూనె పట్టించండి. గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ కవర్‌లో వేయండి, కవర్ మూతి కట్టేయకండి, లోపల తేమ ఉంటే బయటికి పోవాలి. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర డిపాజిట్ చేయడానికి చట్టంలో వీలుంది, మీ కమిషనరేట్ ఒప్పుకుంటే అదే మేలు. రసీదులో రైఫిల్ నంబరుతో పాటు బోల్ట్, మేగజీన్, స్లింగ్ ఉన్నాయని విడిగా రాయించండి. మేగజీన్ చిన్నది, అక్కడ తప్పిపోయిందంటే మీ మోడల్‌కి మరొకటి దొరకడం చాలా కష్టం. తిరిగి తెచ్చుకున్న రోజే నూనె తుడిచి, బ్యారెల్‌లోకి చూడండి.